తెగింది ఏ నరం?

తెలుగులో 'నరం' అన్నంత ఉదారమైన మాట ఇంకోటి లేదేమో. ముసలివాళ్ళ చేతి మీద నరాలు పైకి తేలి కనబడతాయి. చలికాలం తెల్లవారుజామున పిక్కలో నరం పట్టేస్తుంది. మోచెయ్యి గడపకు తగిలితే నరం జివ్వుమంటుంది. ఇక చికెన్ కొట్టు పక్కన పడేసిన కోడికాలు దొరికితే, కోసిన చోట బయటికొచ్చిన తెల్లటి నరాన్ని పట్టుకు లాగి, గోళ్ళు ముడుచుకుంటుంటే చెల్లెల్ని భయపెట్టని పిల్లవాడు ఉండడు. మొదటిది రక్తనాళం. రెండోది కండరం. మూడోది అసలైన నరం, నెర్వ్. నాలుగోది కండరాన్ని ఎముకకు కట్టే తాడు, టెండన్.

ఈ కలగాపులగం వల్ల ఎవరికీ నష్టం లేదు, చెయ్యి తెగేదాకా. తెగిన చేతికి తువ్వాలు చుట్టుకుని మనిషిని అత్యవసర విభాగానికి తెస్తారు. వెంట వచ్చినవాళ్ళు చెప్పే మొదటి మాట, 'నరం తెగిందండీ.' అబద్ధం కాదు. కానీ ఏ నరం? ఈ ప్రశ్నకి సరైన జవాబు దొరికిందా లేదా అన్నదాని మీదే ఆ చెయ్యి రేపు బొత్తాం పెట్టుకోగలదా, ముద్ద కలుపుకోగలదా అన్నది ఆధారపడి ఉంటుంది. ఎందుకంటే మూడింటి గడియారాలు వేరు. రక్తనాళానిది గంటల లెక్క. టెండన్‌ది రోజులు, వారాలు. నరానిది నెలలు.

ఇక్కడ నుంచి ఈ అధ్యాయంలో నరం అంటే నెర్వ్ మాత్రమే.

చేతులు ఇలా పోయే దారులు మనకు కొత్తవి కావు. చెరకు రసం బండి రోలర్ల మధ్య గడ తోస్తూ తోస్తూ వేళ్ళు కూడా తోసినవాళ్ళు, చొప్ప కోసే మిషన్ దగ్గర జొన్నకట్టతోపాటు చేతినీ ఇచ్చేసినవాళ్ళు, పవర్ ప్రెస్ కింద వేళ్ళు వదిలినవాళ్ళు, దీపావళికి బాంబు చేతిలోనే పేలినవాళ్ళు, సంక్రాంతికి మాంజా దారం కోసినవాళ్ళు, బోండాలు కొట్టే కత్తి జారినవాళ్ళు. వచ్చేటప్పటికి చాలామంది గాయంలో కాఫీ పొడో పసుపో సున్నమో ఉంటుంది. పెట్టినవాళ్ళది మంచి మనసే. కానీ దాన్ని కడిగి తీయడానికే ఆపరేషన్ టేబుల్ మీద అరగంట పోతుంది. అద్దిన పొడి రక్తాన్ని ఆపదు, ఒత్తిడి ఆపుతుంది. శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టి, చెయ్యి గుండె కన్నా ఎత్తులో ఉంచితే చేతి గాయాల్లో చాలా మటుకు రక్తం ఆగిపోతుంది. తాడుతోనో రబ్బరు ట్యూబుతోనో అరకొరగా బిగిస్తే రక్తం ఇంకా ఎక్కువ కారుతుంది. లోపలికి తెచ్చే ధమని లోతుగా ఉంటుంది, అది మూసుకోదు. పైపైన ఉండే సిరలు మూసుకుపోతాయి. వచ్చిన రక్తానికి తిరిగి వెళ్ళే దారి లేక అంతా గాయంలోంచే వస్తుంది. అదిమి పట్టినా లొంగని రక్తస్రావమైతే అప్పుడు వెడల్పాటి పట్టీతో గట్టిగా బిగించి, బిగించిన సమయం రాసి పంపాలి. ఉంగరాలూ గాజులూ మాత్రం చెయ్యి వాచకముందే తీసెయ్యాలి. తరవాత కత్తిరించాల్సి వస్తుంది.

ఇక వైద్యుడి సంగతి. భీకరంగా చీలిన చెయ్యి చూపును లాగేస్తుంది. అందుకే ముందు మనిషిని చూడమంటారు. ఊపిరి సరిగా ఉందా, కడుపులో, తలలో దెబ్బ ఉందా? చెయ్యి పోతే బతకొచ్చు. ఆ తరవాత ప్రశ్నలు. ఏ చేతివాటం? ఎన్నింటికి జరిగింది? ఏం పని చేస్తారు? తెగేటప్పుడు వేళ్ళు ముడిచి ఉన్నాయా, చాచి ఉన్నాయా? ఈ చివరి ప్రశ్న వింటే రోగికి విసుగొస్తుంది గానీ, చాలా దూరం ఆలోచించిన ప్రశ్న అది. గ్లాసు పట్టుకున్నప్పుడు పగిలిందనుకోండి. ముడిచిన వేలిలో టెండన్ వెనక్కి లాగబడి ఉంటుంది. అప్పుడు దానికి పడ్డ గాటు, వేలు చాపాక చర్మం మీది గాటుకు ఎదురుగా ఉండదు, వేలి కొన వైపుకి జరిగిపోతుంది. గాయంలోకి తొంగి చూసి 'టెండన్ బాగానే ఉంది' అని కుట్లు వేసేస్తే మోసపోయినట్టే. మా పెద్దమ్మ కొడుక్కి జరిగిందదే. సోడా సీసా పగిలి ఉంగరపు వేలు తెగింది. ఒక చిన్న ఊళ్ళో క్లినిక్‌లో మూడు కుట్లు అందంగా వేసి పంపారు. కట్టు విప్పాక తెలిసింది, వేలి కొస వంగడం లేదని.

చేతిని పరీక్షించడంలో మూలసూత్రం గాయాన్ని చూడ్డం కాదు, గాయానికి అవతల ఉన్నదాన్ని చూడ్డం. ఇవతల నుంచి వెళ్ళాల్సిన సరుకు అవతలికి చేరుతోందా?

రక్తం చేరుతోందా అన్నది సులువు. గోటిని నొక్కి వదిలితే తెల్లబడ్డ చోటు రెండు సెకన్లలో మళ్ళీ ఎర్రబడాలి. ధమని విషయంలో ఒక వింత ఉంది. పూర్తిగా తెగిన ధమని రెండు కొసలూ లోపలికి ముడుచుకుపోయి బిగుసుకుని రక్తం తనంతట తనే తగ్గుతుంది. సగం తెగినదే ఆగకుండా చిమ్ముతుంది. మరో సంగతి. వేలిలో అరచేతి వైపు నుంచి చూస్తే నరం ముందుంటుంది, దాని వెనక ధమని. అంటే వేలికి లోపలి వైపు గాయంలో రక్తం చిమ్మిందంటే, దాని ముందున్న నరాన్ని కోసుకునే కత్తి అక్కడిదాకా వెళ్ళింది. రక్తమే నరం గురించి సాక్ష్యం చెబుతుంది.

నరం తెగిందో లేదో మత్తు సూది వెయ్యకముందే చూడాలి. వేశాక ఏ వేలైనా మొద్దే. పేపర్ క్లిప్‌ని విప్పి రెండు కొసలూ పక్కపక్కన ఆనించి, ఒకటా రెండా అని అడుగుతారు. వేలి కొసన అయిదారు మిల్లీమీటర్ల దూరంలో ఉన్నా మామూలు మనిషి రెండని చెప్పగలడు. చంటిపిల్లవాణ్ణి అడిగితే ఏం చెబుతాడు, ఏడుస్తాడు. అక్కడ చెమటని అడుగుతారు. నరం తెగిన మేర చర్మానికి చెమట పట్టదు. ప్లాస్టిక్ పెన్ను ఆ వేలి మీదుగా లాగితే జర్రున జారిపోతుంది, పక్క వేలి మీద కాస్త అంటుకుంటూ కదులుతుంది. నీళ్ళలో నానబెట్టినా నరం లేని వేలు ముడతలు పడదు. ఈ ముడతల పరీక్షని 1973లో ఓరియన్ అనే వైద్యుడు ప్రకటించాడు. గంటసేపు స్నానం చేసిన పిల్లల వేళ్ళు చూసిన ప్రతి తల్లికీ తెలిసిన విషయమే, వైద్యానికి పనికొచ్చేలా చూడటానికి అంతకాలం పట్టింది.

టెండన్ పరీక్షకి మీ చెయ్యే చాలు. వేళ్ళలో కండరాలు లేవు. ఇది నమ్మశక్యం కాని మాటే గానీ నిజం. వేళ్ళను ముడిచే బలమైన కండరాలు మోచేతి కిందనే ఉన్నాయి. అక్కణ్ణుంచి పొడుగాటి తాళ్ళు మణికట్టు దాటి వేళ్ళలోకి వస్తాయి. కోడికాలులాగే. మీ చెయ్యి వదులుగా వదిలి, మణికట్టును వెనక్కి వంచండి. వేళ్ళు వాటంతటవే ముడుచుకుంటాయి. ముందుకు వంచితే తెరుచుకుంటాయి. స్పృహ లేని మనిషికైనా ఇలాగే జరుగుతుంది. ఒక్క వేలు మాత్రం ముడుచుకోకుండా నిక్కి ఉందంటే దాని తాడు తెగింది. ముంజేతిని పిసికినా వేళ్ళు కొద్దిగా ముడుచుకోవాలి. ఏడ్చే పిల్లల దగ్గర ఈ పరీక్షే దిక్కు.

బొటనవేలు తప్ప ఒక్కో వేలికి ముడిచే తాళ్ళు రెండు. పైదీ, లోతుదీ. పై తాడు నడి కణుపును వంచుతుంది, లోతు తాడు కొస కణుపును. అరచెయ్యి పైకి పెట్టి, ఉంగరపు వేలు వదిలేసి మిగతా వేళ్ళను రెండో చేత్తో బల్లకు అదిమి పట్టండి. ఇప్పుడు ఉంగరపు వేలు వంచండి. నడి కణుపు వంగుతుంది గానీ కొస కణుపు లొడలొడలాడుతూ వేలాడుతుంది. నడి వేలు, ఉంగరపు వేలు, చిటికెన వేళ్ళ లోతు తాళ్ళన్నీ దాదాపు ఒకే కండరానికి కట్టి ఉంటాయి. పక్కవాళ్ళని పట్టేస్తే అది పని చెయ్యలేదు. కాబట్టి ఇలా వంగితే పై తాడు బతికుందని. ఇక నడి కణుపును కదలకుండా పట్టుకుని కొస ఒక్కటీ వంచమంటే లోతు తాడు సంగతి తేలుతుంది. పై తాడు మధ్యలో చీలి, ఆ చీలిక గుండా లోతు తాడు ముందుకు పోతుంది. ఈ రెండూ కలిసి బిగుతైన గొట్టంలో నడుస్తాయి. దాన్ని అక్కడక్కడా గట్టి పట్టీలు ఎముకకు అదిమి ఉంచుతాయి. వైద్యులు వాటిని గిలకలంటారు గానీ బావి గిలకలా తిరిగేవేం కావు, లంగా బొందు దూరే పట్టీ లాంటివి.

ఆ పట్టీలోనే ఇరవయ్యో శతాబ్దపు పెద్ద వాదం ఒకటి నడిచింది. అరచేతిలో వేళ్ళకు దగ్గరగా ఉన్న గీత దగ్గర మొదలై వేలి నడి భాగం దాకా ఉన్న మేరకు అమెరికన్ శస్త్రవైద్యుడు స్టెర్లింగ్ బన్నెల్ 'నో మాన్స్ లాండ్' అని పేరు పెట్టాడు. యుద్ధంలో రెండు కందకాల మధ్య ఎవరూ అడుగు పెట్టని నేల. ఇంత ఇరుకులో టెండన్ కుడితే, మానుతూ మానుతూ అది చుట్టూ ఉన్న గొట్టానికే అతుక్కుపోతుంది. వేలు కొయ్యబారుతుంది. కాబట్టి ఇక్కడ తెగితే చర్మం మూసి ఊరుకోండి, గాయం మానాక కొత్త టెండన్ తెచ్చి అతికించండి అన్నది ఆయన బోధ. ఆయన మామూలువాడు కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం చేతి గాయాలకు ప్రత్యేక కేంద్రాలు పెట్టింది ఆయన మార్గదర్శనంలోనే. 1944లో వచ్చిన ఆయన గ్రంథం ఈ శాస్త్రానికి పునాది. అలాంటివాడి మాట కాదనడానికి రెండు దశాబ్దాలు పట్టింది. 1967లో కెంటకీ రాష్ట్రం లూయీవిల్‌కు చెందిన హెరాల్డ్ క్లైనర్ట్ సభలో నిలబడి, తెగిన వెంటనే అక్కడే కుట్టినా వేళ్ళు బాగానే వంగుతున్నాయని చూపించాడు. చాలామంది నమ్మలేదు. ఆయన కిటుకు కుట్టులో ఎంత ఉందో కుట్టిన తరవాత చేసినదాంట్లోనూ అంత ఉంది. వేలి గోటికి రబ్బరు బ్యాండు కట్టి రెండో కొస మణికట్టుకు తగిలించేవాడు. రోగి వేలు తెరుస్తాడు, రబ్బరు ముడుస్తుంది. కుట్టు మీద బరువు పడదు, కానీ తాడు కదులుతూనే ఉంటుంది. కదిలేది అతుక్కోదు.

ఇప్పుడు బొందు ఉపమానం ఇంకొంచెం దూరం తీసుకుపోతాను. తెగిన టెండన్ కండరం వైపు కొస పుటుక్కున వెనక్కి లాక్కుపోయి అరచేతిలోనో మణికట్టులోనో దాక్కుంటుంది, బొందు పట్టీలోకి పోయినట్టే. మన ఇళ్ళల్లో పిన్నీసు గుచ్చి ఇవతలికి పాకిస్తాం. థియేటర్‌లో పసిపిల్లలకు పాలు పట్టే సన్నటి గొట్టాన్ని వేలి వైపు నుంచి ఎక్కించి, దాని కొసకు టెండన్ కట్టి, గిలకల కింద నుంచి నెమ్మదిగా లాగుతారు. వేలిలో తాడు కనిపించగానే గదిలో అందరూ ఊపిరి వదులుతారు.

ఈ ఆపరేషన్ చాలా చోట్ల రోగి మెలకువగా ఉండగానే చేస్తున్నారు. దీని వెనక ఇంకో పాత భయం కూలిన కథ ఉంది. వేలికి మత్తుమందులో అడ్రినలిన్ కలపకూడదు, రక్తనాళాలు మూసుకుని వేలు కుళ్ళుతుంది అని వైద్య విద్యార్థులకు తరతరాలుగా నేర్పారు. కెనడాలో డొనాల్డ్ లలోండ్, ఆయన సహచరులు 2005లో 3,110 కేసుల అనుభవాన్ని ప్రచురించారు. అడ్రినలిన్ వల్ల ఒక్క వేలూ పోలేదు. అది కలిస్తే రక్తం తనంతట తనే ఆగుతుంది, భుజానికి గాలిపట్టీ బిగించక్కర్లేదు, రోగి నిద్రపోనక్కర్లేదు. కుట్టు పూర్తయ్యాక 'వేలు ముడవండి బాబూ' అంటే ముడుస్తాడు. కుట్టు దగ్గర సందు వచ్చిందా, గిలకకు తట్టుకుందా అన్నది అప్పుడే కనబడుతుంది, అప్పుడే సరిచేస్తారు.

సోడా సీసాతో వేలు తెగిన మా పెద్దమ్మ కొడుకు, మా అన్న విషయంలో వెంటనే కుట్టే అవకాశం దాటిపోయింది. గొట్టం పూడుకుపోయింది. మొదట అందులో సిలికాన్ కడ్డీ పెట్టి, దాని చుట్టూ కొత్త గొట్టం తయారయ్యేదాకా మూడు నెలలు ఆగి, అప్పుడు మణికట్టు దగ్గర నుంచి వేరే టెండన్ తీసి లాగారు. ఆ 'స్టెప్నీ' మీకూ ఉందేమో చూసుకోండి. బొటనవేలూ చిటికెన వేలూ కలిపి మణికట్టు కొంచెం ముందుకు వంచితే మధ్యలో సన్నటి తాడు నిలబడుతుంది. కొందరికి పుట్టుకతోనే ఉండదు. లేకపోయినా చేతికి లోటేమీ తెలియదు.

ఇంతదాకా చెప్పింది శుభ్రంగా కోసుకున్న చేతి కథ. రోలర్లలో నలిగిన చెయ్యి వేరు. అక్కడ చర్మం బతికున్నట్టే కనబడి మర్నాటికి నల్లబడుతుంది. అక్కడ మొదటి శస్త్రచికిత్స కడగడం. ఓపిగ్గా, సీసాల కొద్దీ సెలైన్‌తో కడిగి, చచ్చిన కండను కోసి తీసెయ్యడం. చూడ్డానికి దీనంత అనాకర్షణీయమైన పని లేదు, చేతిని నిలబెట్టేదీ దీనంత మరొకటి లేదు. ఎముకను సన్నటి కడ్డీలతో నిలబెట్టి, బయటపడ్డ టెండన్ల మీద చర్మం కప్పాలి. చర్మం లేకపోతే చేతిని గజ్జలో కోసి లేపిన చర్మపు ముక్కకు కుట్టేస్తారు. రెండు మూడు వారాలు మనిషి జేబులో చెయ్యి పెట్టుకున్నట్టు తిరుగుతాడు. చేతి నుంచి ఆ ముక్కకు కొత్త రక్తం అలవాటయ్యాక విడదీస్తారు. 1972లో మెక్‌గ్రెగర్, జాక్సన్ వర్ణించిన ఈ పద్ధతి మైక్రోస్కోపు లేని ఆసుపత్రుల్ని ఇప్పటికీ ఆదుకుంటోంది. వేలి కొస ఏటవాలుగా పోయినవాళ్ళకి పక్క చర్మాన్నే త్రికోణంగా జరిపి కప్పే పద్ధతిని 1980లో లోకానికి చెప్పింది చెన్నై స్టాన్లీ ఆసుపత్రి వైద్యుడు ఆర్. వెంకటస్వామి.

పూర్తిగా ఊడి వచ్చిన వేలిని ఎలా తేవాలో ఇప్పటికీ చాలామందికి తెలియదు. నేరుగా ఐసు మీద పెడితే మంచు కాటుకు వేలు పాడవుతుంది. నీళ్ళలో వేస్తే నానిపోతుంది. శుభ్రమైన తడి గుడ్డలో చుట్టి, నీళ్ళు పోని ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి, ఆ సంచిని ఐసు కలిపిన నీళ్ళలో పెట్టాలి. అప్పుడు వేలు దాదాపు రోజంతా ఆగగలదు. భుజం దగ్గర తెగిన చెయ్యి మాత్రం ఆగదు, మామూలు వేడిలో ఆరు గంటలే గడువు. చిన్న వేలుకి అంత ఓపిక, పెద్ద చేతికి ఇంత తొందర ఎందుకు? ఇందాకటి మాటే జవాబు. వేలిలో కండరం లేదు. రక్తం అందకపోతే ముందు చచ్చేది కండరం.

అతికించడమనే కల 1962లో బోస్టన్‌లో నిజమైంది. రొనాల్డ్ మాల్ట్ బృందం పన్నెండేళ్ళ కుర్రవాడి తెగిన చేతిని భుజం దగ్గర తిరిగి కలిపింది. మరుసటి ఏడు షాంఘైలో చెన్ ఝోంగ్‌వేయ్ ఒక కార్మికుడి చేతిని మణికట్టు పైన అతికించాడు. వేలు వీటన్నిటికన్నా కష్టం, దాని ధమని మందం ఒక మిల్లీమీటరు. 1960లో జేకబ్సన్, సువారెజ్ సన్నటి రక్తనాళాలను మైక్రోస్కోపు కింద కుట్టి చూపించాక దారి తెరుచుకుంది. 1965 జూలైలో జపాన్‌లోని నారాలో కొమత్సు, తమాయ్ కలిసి ఇరవై ఎనిమిదేళ్ళ మనిషి బొటనవేలిని తిరిగి బతికించారు. వాడే దారం వెంట్రుకలో మూడో వంతు. ఒక ధమనికి ఆరో ఎనిమిదో కుట్లు. చెయ్యి వణక్కుండా మణికట్టు బల్లకు ఆనించి, ఊపిరి కూడా లెక్కపెట్టుకుని వెయ్యాలి.

అయితే తెగిన ప్రతి వేలినీ అతికించరు. ఇది చెబితే రోగి బంధువులకు కోపం వస్తుంది. బొటనవేలు, ఒకేసారి చాలా వేళ్ళు, పిల్లల వేలు ఏదైనా సరే, వీటికి ప్రయత్నం తప్పనిసరి. మొదలంటా తెగిన ఒక్క చూపుడు వేలు మాత్రం అతికినా బిగుసుకుపోయి అడ్డు వస్తుంది, మెదడు దాన్ని పక్కన పెట్టి నడి వేలితో పని కానిచ్చేస్తుంది. రోజుకూలీ మేస్త్రీ దాని కోసం నెలల తరబడి పని మానుకోవాలా? అందుకే 'ఏం పని చేస్తారు' అని ముందే అడిగింది. వీణ వాయించేవాళ్ళ జవాబు వేరుగా ఉంటుంది. జపాన్‌లో చిటికెన వేలు లేకపోతే యకూజా ముఠావాడని అనుమానిస్తారు కాబట్టి అక్కడ ఆ వేలికున్న విలువ ఇంకోచోట లేదు.

అతికించాక మూడు నాలుగు రోజులు వేలికి కాపలా. ఏసీ ఆపేస్తారు, గది వెచ్చగా ఉంచుతారు. బీడీ, సిగరెట్ దగ్గరికి రానివ్వరు, నికోటిన్ రక్తనాళాలను బిగిస్తుంది. గంటకోసారి నర్సు వచ్చి రంగు చూస్తుంది. తెల్లబడితే రక్తం రావడం లేదు. నీలం తిరిగితే వెళ్ళడం లేదు. సిర ఎంత వెతికినా దొరకని వేలి కొసలకు ఈ రెండో బాధ. దానికి వాడేది జలగ. అది తాగేది కొద్దిగానే, కానీ దాని లాలాజలంలో ఉన్న హిరుడిన్ వల్ల వదిలాక కూడా గంటల తరబడి రక్తం ఊరుతుంది. కొత్త సిరలు మొలిచేదాకా అలా నెట్టుకొస్తారు. జలగ కడుపులో ఉండే బ్యాక్టీరియా కోసం యాంటీబయాటిక్ ఇవ్వడం మరిచిపోకూడదు. సుశ్రుత సంహితలో జలగల కోసం ఒక అధ్యాయమే ఉంది. అమెరికా ఔషధ సంస్థ వాటిని వైద్య పరికరంగా అనుమతించింది 2004లో.

ఇక మిగిలింది నరం. మైక్రోస్కోపు కింద రెండు కొసలూ కలిపి కుట్టినా, తెగిన చోటికి అవతల ఉన్న తంతువులు చచ్చిపోతాయి. ఇవతల నుంచి కొత్తవి మొలిచి ఖాళీ గొట్టాల్లోకి పాకాలి. రోజుకు ఒక మిల్లీమీటరు. మణికట్టు నుంచి వేలి కొసకు దూరం కొలుచుకుని భాగిస్తే ఆరు నెలలు. చర్మం మీద వేలితో తట్టుకుంటూ పోతే ఎక్కడ జివ్వుమంటుందో తంతువులు అక్కడిదాకా వచ్చాయన్న మాట. రోగి తన చేతి మీద పెన్నుతో అక్కడ గీత పెట్టుకుని, ప్రతి నెలా దాన్ని ముందుకు జరుపుకోవచ్చు.

చేరినా పూర్తిగా తెలియదు. పాత తంతువు దారిలోకి వేరే తంతువు వెళ్తుంది. చల్లదనం ముల్లులా తోస్తుంది, చూపుడు వేలు తాకితే నడి వేలు తాకినట్టు ఉంటుంది. మెదడు మళ్ళీ అక్షరాలు దిద్దుకోవాలి. అందుకు ఫిజియోథెరపీ గదిలో ఒక స్టీలు గిన్నె నిండా బియ్యం పోసి పెడతారు. అందులో రూపాయి బిళ్ళ, పసుపు కొమ్ము, తాళం చెవి, షర్టు గుండీ దాచి ఉంటాయి. కళ్ళు మూసుకుని చెయ్యి ముంచాలి. దొరికినదాన్ని తిప్పి తిప్పి చూసి పేరు చెప్పాలి. తప్పు చెబితే కళ్ళు తెరిచి చూసి, మళ్ళీ ముంచాలి. మా అన్నకు వేలి నరం కూడా కొంత తెగిందని తరవాత తేలింది. ఆయన ఇంట్లోనే బియ్యం డబ్బాలో సాధన చేసేవాడు. వదిన వంటకు బియ్యం కొలుస్తుంటే గుండీలు వస్తుండేవి.